నది ఒడ్డున అద్దె ఇల్లు

పరదేశమునకు పోయిన బాటసారికి ముందుగా కావలసినది తల దాచుకొనుటకు ఇంత చోటు. పిదప కావలసినది వేళకు ఇంత అన్నము. ఈ రెంటిని సమకూర్చు విధములు దేశదేశమునకు వేరుగా నున్నవి. మన దేశమున తీర్థయాత్రలకు పోవువారు పూర్వము సత్రములలో దిగి, బియ్యమును కట్టెలను అంగడిలో కొనితెచ్చుకొని, ఏటిలో స్నానము చేసి వచ్చి, తమ వంట తామే చేసికొని తినెడివారు. నేటి ఐరోపా ఖండమున ఇట్టి పద్ధతియే మరియొక రూపమున వ్యాపించి యున్నది. ప్రాచీన నగరములలో నది ఒడ్డున నున్న ఇండ్లను, వంటగదితో సహా, కొలది దినములకు యాత్రికులకు అద్దెకిచ్చుచున్నారు. అట్టి బసలను 'హాలిడే అపార్ట్‌మెంట్లు' అందురు.

సత్రమునకును ఈ బసకును ఒక ముఖ్యమైన భేదము కలదు. సత్రము దాతల ధర్మమున నడచును. ఈ బస లాభమునకై నడచును. ఆ భేదమువలన ఒక ఊరికి ఎట్టి మేలు కలుగునో, ఎట్టి కీడు కలుగునో తెలిసికొనుటకు చెస్కీ క్రుమ్లోవ్ అను చిన్న పట్టణపు చరిత్ర చక్కని నిదర్శనము.

చెస్కీ క్రుమ్లోవ్ చెక్ దేశమున దక్షిణ భాగములో, ఆస్ట్రియా సరిహద్దునకు సమీపమున నున్నది. రాజధానియైన ప్రాగ్ నగరమునుండి అచ్చటికి సుమారు 170 కిలోమీటర్ల దూరము. ప్రాగ్ నగరము గుండా ప్రవహించు వల్తవా నదియే ఎగువన ఈ పట్టణము గుండా ప్రవహించుచున్నది. ఇచ్చట నది తిన్నగా పోక, పాము మెలికలు తిరిగినట్లు తిరిగి, ఊరి నడిబొడ్డును దాదాపు మూడు వైపుల చుట్టుకొని పోవును. జర్మను భాషలో 'వంకర తిరిగిన పచ్చికబయలు' అను అర్థమిచ్చు మాటలనుండి ఊరికి ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. నది మెలికలో ఎర్రని పెంకుటిండ్లు ఒకదానినొకటి ఒరసికొని నిలిచి యుండును. ఎదుటి గట్టున, కొండరాతిపై, కోట ఆ ఇండ్లనన్నిటిని కాచుచున్నట్లు కనబడును.

ఆ కోట పేరు లిఖితాధారములలో మొదట కనబడునది 1253వ సంవత్సరమున. 1302 మొదలు మూడు శతాబ్దులపాటు రోజెన్‌బర్గు వంశపు ప్రభువులు దానిని ఏలిరి. ఐదు రేకుల గులాబి వారి చిహ్నము. ఆ వంశమున ప్రసిద్ధుడైన విలియము ప్రభువు, పదునారవ శతాబ్దమున, కోటను ఇటలీ దేశపు సొంపులతో పునర్నిర్మింపజేసెను. ఊరిలోని వర్తకులును చేతిపనివారును ప్రభువు ననుసరించి తమ ఇండ్లను గూడ అట్లే తీర్చుకొనిరి. గోడకు ముదురు రంగు పూతవేసి, దానిపై తెల్లని సున్నపు పూతవేసి, అది తడియారకముందే పైపూతను గీకి బొమ్మలు దిద్దుట అప్పటి వేడుక. అట్టి గోడలు నేటికిని అచ్చట కనబడును. రోజెన్‌బర్గుల పిదప కోట చక్రవర్తి చేతికిని, ఆపై ఎగ్గెన్‌బర్గు, ష్వార్జెన్‌బర్గు వంశముల చేతికిని పోయెను. 1766 ప్రాంతమున తీర్చిన కోటలోని నాటకశాల, తెరలతోను యంత్రములతోను నేటికిని చెక్కుచెదరక యున్నది. గుండ్రని బురుజు పైకి 162 మెట్లెక్కినచో ఊరంతయు అరచేతిలోని గీతలవలె తెలియవచ్చును.

కోటలు ప్రభువులవి, ఇండ్లు ప్రజలవి. ప్రభువులు మారిన కోట మారదు గాని, ప్రజలు మారిన ఊరు మారిపోవును. చెస్కీ క్రుమ్లోవ్ ఈ సత్యమును కష్టముతో నేర్చుకొనెను.

1911వ సంవత్సరమున ఎగోన్ షీలె అను ఆస్ట్రియా దేశపు యువచిత్రకారుడు ఈ ఊరికి వచ్చి, నదికి ఎగువనున్న ఒక తోట ఇంటిని అద్దెకు తీసికొనెను. ఆతని తల్లి పుట్టినూరు ఇదియే. ఆతని నడవడి ఊరివారికి నచ్చలేదు. కొలది నెలలకే ఆతడు ఇల్లు విడిచి పోవలసివచ్చెను. అయినను ఈ ఊరి ఇండ్లను ఆతడెన్నడును మరువలేదు. నది చుట్టుకొన్న పైకప్పులను, మూసిన కిటికీలను, ముదురు రంగులలో పలుమారు చిత్రించెను. ఆ చిత్రములలో పెక్కింటియందు మనుష్యులు కానరారు. వానిలో కొన్నింటికి 'మృతనగరము' అని పేరు. చిత్రకారుని మనసులోని ఊహయే గాని, అప్పటి క్రుమ్లోవ్ మృతనగరము కాదు; వీథులు జనముతో నిండియే యుండెను. కాని ఆ ఊహ నిజమగు కాలము దూరమున లేదు.

అప్పటి ప్రజలలో అధికసంఖ్యాకులు జర్మను భాష మాట్లాడువారు. 1938లో ఈ ప్రాంతమును హిట్లరు జర్మనీలో కలుపుకొనెను. ఊరిలోని యూదులు నాజీల దౌష్ట్యమునకు బలియైరి. 1909లో వారు కట్టుకొన్న ప్రార్థనామందిరము మాత్రము మిగిలినది. యుద్ధము ముగిసిన పిదప, 1945, 1946 సంవత్సరములలో, జర్మను భాషీయులను దేశమునుండి వెళ్లగొట్టిరి. తరతరములుగా కాపురమున్న కుటుంబములు చేతనైనంత మూట కట్టుకొని ఇండ్లు విడిచిపోయిరి. ఆ ఇండ్లలోనికి వేరు ప్రాంతములనుండి చెక్కులు, స్లొవాకులు, రోమా జాతివారు వచ్చిరి. పిదప కమ్యూనిస్టు ప్రభుత్వము ఇండ్లను జాతీయము చేసెను. ఇల్లు తనదని చెప్పుకొనువాడు లేనప్పుడు కారు కప్పును కప్పువాడెవడు? గోడలు పెచ్చులూడెను; దూలములు చివికెను. ఎగువనున్న కాగితపు కర్మాగారమునుండి వచ్చు మురికినీరు నదిని పాడుచేసెను. 1963లో ప్రభుత్వము ఈ ఊరిని రక్షిత ప్రాచీన పట్టణముగా ప్రకటించెను గాని, ప్రకటన మాత్రమున పైకప్పు బాగుపడదు గదా!

1989 నవంబరులో కమ్యూనిస్టు పాలన అంతరించినది. ఇండ్లు మరల వ్యక్తుల చేతులలోనికి వచ్చెను. 1992లో ఐక్యరాజ్యసమితి సంస్థయైన యునెస్కో, చెస్కీ క్రుమ్లోవ్‌ను ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను. ఊరి పేరు దేశదేశములకు ప్రాకెను. నాలుగైదువందల యేండ్ల నాటి ఇంటిని బాగుచేయించుట సామాన్యమైన పని కాదు. పెంకు మొదలు కిటికీ చట్రము వరకు ప్రతిదియు పూర్వపు పోలికలో నుండవలెను. పురావస్తు సంరక్షణాధికారుల అనుమతి పొందవలెను. అందుకు కావలసిన ధనము ఇంటినుండియే రావలెను. ఆ ధనమును తెచ్చినవారు యాత్రికులు. ఇంటి యజమానులు పై అంతస్తులను గదులుగా విభజించి, ప్రతి భాగమునకు చిన్న వంటగదిని, స్నానపు గదిని అమర్చి, దినముల లెక్కను అద్దెకిచ్చిరి. ఇట్లు, కూలుటకు సిద్ధముగా నున్న అనేక గృహములు యాత్రికుల డబ్బుతో నిలబడెను. ఇది అట్టి బసలవలన కలిగిన మేలు. దీనిని మరువరాదు.

అట్టి ఇంటిలో దిగుటయందు యాత్రికునకును ఒక ప్రత్యేకమైన సుఖము కలదు. మందమైన రాతిగోడలు వేసవిలో చల్లదనము నిచ్చును. ఇరుకైన మెట్లు, తల వంచి దాటవలసిన ద్వారములు, పైకప్పున నల్లబారిన దూలములు. కిటికీ తెరచినంతనే క్రింద నది కలకల మనుచుండును. ఊరిలో నదికి అడ్డముగా చిన్న చిన్న కట్టలున్నవి. వానిమీదుగా నీరు దూకు సవ్వడి రాత్రియంతయు వినవచ్చును. వేసవి దినములలో గుంపులు గుంపులుగా జనులు చిన్న పడవలపై ఎగువనుండి దిగివచ్చి, కట్టల ప్రక్కనున్న జారుడు కాలువలలో కేరింతలు కొట్టుచు జారిపోవుదురు.

హోటలులో దిగినవానికి భోజనము బల్లకడకు వచ్చును. ఇచ్చట అట్లు కాదు. పొయ్యి, గిన్నెలు, పళ్లెములు, కత్తి, చెంచాలు ఇంటివారు అమర్చి యుంచుదురు. తక్కినదంతయు యాత్రికుడే చూచుకొనవలెను. ఉదయమున సంచి చేతబట్టుకొని రొట్టెల దుకాణమునకు పోవలెను. సీమ జీలకర్ర వేసిన నల్లరొట్టె, బంగాళాదుంపలు, వెల్లుల్లి, గ్రుడ్లు కొని తెచ్చుకొనవలెను. వెల్లుల్లి చారు ఆ దేశమున అందరికిని ఇష్టమైన వంటకము. దక్షిణ బొహీమియాలోని చెరువులలో పెంచిన చేపలు ప్రసిద్ధములు. ధర లడుగుటలో, చిల్లర లెక్కించుటలో, 'దయచేసి', 'కృతజ్ఞుడను' అను నాలుగు చెక్ మాటలు నాలుక కలవడును. కొనినవాడే వండును, వండినవాడే గిన్నెలు తోమును. చెత్తను గూడ వేరుచేయవలెను: కాగితము నీలిపెట్టెలో, ప్లాస్టిక్ పసుపుపచ్చ పెట్టెలో, గాజు ఆకుపచ్చ పెట్టెలో. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు ఆ దేశమున నిశ్శబ్దము పాటింపవలెను. ఈ విధముగా బాటసారి నాలుగు దినములపాటు ఆ ఊరి కాపురస్థుని వలెనే జీవించును. కోటను చూచి పోవువాడు గోడలను చూచును. రొట్టె కొని వండుకొనువాడు ఊరిని చూచును.

నది ఒడ్డున నివసించుట యనగా నదిని నమ్ముకొని యుండుట. ఆ నమ్మకమును నది ఒక్కొక్కప్పుడు వమ్ము చేయును. ఎగువన లిప్నో అను చోట 1950లలో పెద్ద ఆనకట్ట కట్టిరి. అయినను 2002 ఆగస్టు నెలలో కురిసిన కుంభవృష్టికి వల్తవా పొంగి చెస్కీ క్రుమ్లోవ్‌ను ముంచెత్తెను. దిగువన ప్రాగ్ నగరమును గూడ ముంచెను. ఒడ్డున నున్న ఇండ్ల క్రింది అంతస్తులలోనికి నీరును బురదయు ప్రవేశించెను. ఊరివారు బురద నెత్తి, గోడల నార్చి, మరల సున్నము వేసిరి. వరద వచ్చినప్పుడు ఎవరి మెట్లమీద నీరెంతవరకు ఎక్కునో, ప్రక్కయింటి ముసలమ్మను ఎవరు పైకి చేర్పవలెనో, అచ్చట కాపురమున్నవారికే తెలియును. మూడు దినములకు వచ్చినవానికి అది తెలియు మార్గము లేదు.

ఇక కీడు సంగతి చూతము. కాపురస్థుడు నెలకంతకు ఇచ్చు అద్దెను యాత్రికులు కొలది రాత్రులలోనే ఇత్తురు. ఈ లెక్క తెలిసిన యజమాని, కాపురస్థుని కంటె యాత్రికునే కోరుకొనును. ఒక ఇల్లు బసగా మారినది. ప్రక్క ఇల్లును మారినది. పిదప వీథి యంతయు మారినది. కుటుంబములు ఊరి వెలుపల కట్టిన క్రొత్త ఇండ్లకు తరలిపోయిరి. కాపురములు లేనిచోట కూరగాయల కొట్టునకు పని లేదు. చెప్పులు కుట్టువానికి పని లేదు. వాని చోట జ్ఞాపకవస్తువుల దుకాణములు వెలసెను. పట్టణమున మొత్తము ప్రజలు సుమారు 13,000 మంది. ఏటేట వచ్చు యాత్రికులు పది లక్షలకు మించిరి. కాని నది మెలికలోని ప్రాచీన భాగమున నిత్యము నివసించువారు కొలదిమందియే మిగిలిరి. పగలు అడుగు పెట్టుటకు చోటు లేనంత సందడి. రాత్రి బస్సులు వెళ్లిపోయిన పిదప, మాట్లాడుటకు మనిషి లేనంత నిశ్శబ్దము. కొన్ని బసలలో యజమానియు కానరాడు. గుమ్మము ప్రక్కనున్న చిన్న పెట్టెలో సంకేతసంఖ్య నొక్కి తాళపుచెవి తీసికొందురు. పోవునప్పుడు మరల అందులోనే వేయుదురు. ఇంటివారి ముఖము చూడకయే యాత్రికుడు వచ్చి పోవును.

2018వ సంవత్సరమున కటెర్జినా షెడా అను చెక్ కళాకారిణి ఈ సంగతిని లోకమునకు చూపుటకు వింతయైన ఉపాయము పన్నెను. ఆ వేసవిలో, జూను మొదలు మూడు నెలలపాటు, ఆమె కొన్ని కుటుంబములను తెచ్చి ప్రాచీన భాగములోని ఇండ్లలో ఉంచెను. వారికి ఒక ఉద్యోగము నిచ్చి జీతము చెల్లించెను. ఆ ఉద్యోగమేమి? సామాన్యముగా జీవించుట! బట్టలుతికి ఆరవేయుట, కిటికీలు తుడుచుట, వాకిలి ఊడ్చుట, పిల్లలు వీథిలో ఆడుకొనుట, ఇరుగుపొరుగులు నిలిచి మాటలాడుట. ఆమె తన యత్నమునకు యునెస్కో పేరునే విడదీసి 'ఉనెస్-త్సో' అని పేరు పెట్టెను. చెక్ భాషలో ఆ మాటలకు 'ఏమి ఎత్తుకొనిపోవుదువు' అను అర్థము స్ఫురించును. ఇటలీలోని వెనిస్ నగరమున ఆ యేడు జరిగిన అంతర్జాతీయ వాస్తుకళా ప్రదర్శనమున చెక్, స్లొవాక్ దేశముల పక్షమున దీనిని చూపిరి. చూచినవారిలో కొందరు నవ్విరి, కొందరు నొచ్చుకొనిరి. అయినను అందరికిని ఒక ప్రశ్న తోచకపోలేదు: బట్టలారవేయుటకు గూడ మనుష్యులను జీతమిచ్చి తేవలసివచ్చిన ఊరు, ఊరగునా, ప్రదర్శనశాల యగునా?

పురపాలకులును ఊరకుండలేదు. 2019 జూను నుండి యాత్రికుల బస్సులు ముందుగా వేళ నిర్ణయించుకొని, రుసుము చెల్లించి రావలెనని కట్టడి చేసిరి. రాత్రి బస చేయువారికడను పట్టణమునకై చిన్న రుసుము వసూలు చేయుదురు. మరుసటి యేడు, 2020 వసంతమున, కోవిడ్ మహమ్మారి వలన సరిహద్దులు మూసివేసిరి. ఒక్కసారిగా యాత్రికుల రాక ఆగిపోయెను. సందడితో నిండిన వీథులు షీలె చిత్రములలోని వీథులవలె శూన్యములయ్యెను. అప్పుడు మరియొక సంగతి బయటపడెను. యాత్రికులు మితిమీరుట వలన ఊరు అలమటించినది నిజమే. కాని బొత్తిగా రాకపోవుటచేత ఆదాయము పోయి, పనివారు పని కోల్పోయి, ఊరు మరింత అలమటించెను. యాత్రికుని పొమ్మనుట పరిష్కారము కాదు. కాపురస్థుని పోగొట్టుకొనుటయు పరిష్కారము కాదు.

ఇల్లు నిలుచుటకు రెండు కావలెను: గోడలను కాచు ధనము, గడపను కాచు మనిషి. ధనమును యాత్రికుడు తేగలడు, మనిషిని తేలేడు. యజమాని క్రింది అంతస్తులో తాను కాపురముండి, పై అంతస్తును బసగా ఇచ్చినచో రెండును సమకూరును. అట్టి ఇంటిలో రొట్టె ఎక్కడ దొరకునో చెప్పువారుందురు. వరద వచ్చినచో తలుపు తట్టువారుందురు. కావున, బస ఎన్నుకొనునప్పుడు ఇంటివారు ఆ ఊరనే యున్నారా యని విచారించుట, సరకులు ఊరివారి దుకాణముననే కొనుట, ఒక పూట చూచి పరుగెత్తక నాలుగు దినములు నిలుచుట, రాత్రివేళ ప్రక్కయింటివారి నిద్ర చెరుపకుండుట యాత్రికుని వంతు. ఎన్ని ఇండ్లు బసలు కావచ్చునో, ఎన్ని కాపురములకు మిగులవలెనో నిర్ణయించుట ఊరివారి వంతు.

శీతకాలమున మంచు కురిసి, పడవలు గట్టెక్కి, యాత్రికులు పలుచబడిన సాయంకాలములందు చెస్కీ క్రుమ్లోవ్‌లో ఏ ఇంటి కిటికీలో దీపము వెలుగునో, ఏ ఇంటి కిటికీ చీకటిగా నుండునో, వంతెనమీద నిలిచినవారికి స్పష్టముగా తెలియును. ఆ దీపములను లెక్కించినచో ఊరి ఆయుర్దాయము తెలిసిపోవును.

ప్రశ్నలు

1. సత్రమునకును హాలిడే అపార్ట్‌మెంటునకును గల పోలికలను, భేదములను వ్రాయుము.
2. 1945 తరువాత చెస్కీ క్రుమ్లోవ్‌లోని ఇండ్లు ఏల పాడుపడెను? అవి మరల ఎట్లు బాగుపడెను?
3. తన వంట తానే చేసికొను యాత్రికునకు హోటలులో దిగినవానికి కలుగని లాభమేమి?
4. కటెర్జినా షెడా చేసిన యత్నమును వివరింపుము. అది సమంజసమని నీకు తోచునా? కారణము తెలుపుము.
5. "గోడలను కాచు ధనము, గడపను కాచు మనిషి" అను మాటలను మీ ఊరిలోని ఒక పాత ఇంటికి అన్వయించి పది పంక్తులు వ్రాయుము.